ఆగిన చోటి నుండే చదువు

బడులు తెరిచే జూన్ నెలలో మన ఊళ్ళలో దానధర్మాలకు ఒక ప్రత్యేకమైన రూపం కనిపిస్తుంది. పలకలు, నోటు పుస్తకాలు, సంచులు, బూట్లు పంచుతారు. ఇచ్చేవారి మనసులో సదుద్దేశమే ఉంటుంది. పుచ్చుకునే పసివాడి ముఖంలో సంతోషమూ నిజమైనదే. ఆ పుణ్యకార్యాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. అయితే అదే సంచి సంక్రాంతి దాటేసరికి గుడిసెలో ఏ వాసానికో వేలాడుతూ ఉంటే, ఆ బిడ్డ తల్లిదండ్రులతోపాటు ఏ ఇటుక బట్టీ దగ్గరో మట్టి ముద్దలు మోస్తూ ఉంటే, మనం ఇచ్చిన దానం ఎక్కడ ఆగిపోయిందని ఆలోచించవలసిన బాధ్యత మనకు లేదా?

మా సత్యవేడు ప్రాంతం గురించి తెలిసినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇది సరిహద్దు సీమ. 1960 ఏప్రిల్ 1న రాష్ట్రాల హద్దులు మారినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది, అప్పటి చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు పరిసర గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. హద్దు మారింది గాని నాలుకలు మారలేదు. ఇక్కడ ఒకే వీధిలో తెలుగు, తమిళం వినిపిస్తాయి. మన ముస్లిం ఇళ్ళలో వాటికి తోడు దక్కనీ ఉర్దూ ఉంటుంది. చెరువు గట్ల వెంట, ఊరి పొలిమేరల్లో యానాది కుటుంబాలు ఉన్నాయి. 2008లో ప్రారంభమైన శ్రీసిటీ పుణ్యమా అని ఎన్నో పరిశ్రమలు వచ్చాయి. ఆ పరిశ్రమల్లో ఉద్యోగానికి చదువు కావాలి. చదువు లేనివాడికి పక్కనే ఉన్న ఆ ప్రపంచం కంచెకు అవతలి ప్రపంచమే. కూలి కోసం అతడు సరిహద్దు దాటి తిరువళ్ళూరు జిల్లా బట్టీలకో, కోత పనులకో వెళ్తాడు. బిడ్డలు వెంట వెళ్తారు. తిరిగి వచ్చేసరికి బడిలో పాఠం ముందుకు సాగిపోయి ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. బడి అనేది బండి లాంటిదని మనం అనుకుంటాం. అందరూ ఒకేసారి ఎక్కాలి, ఒకే వేగంతో పోవాలి, ఒకేసారి దిగాలి. మధ్యలో దిగినవాడికి మళ్ళీ ఎక్కే చోటు ఉండదు. మూడు నెలలు కనబడకుండా పోయి వచ్చిన బిడ్డను తరగతిలో కూర్చోబెడతారు గాని, అతనికి అర్థంకాని పాఠం ముందు కూర్చోబెడతారు. కొన్నాళ్ళు మౌనంగా ఉంటాడు. ఆ తరువాత రావడం మానేస్తాడు. అప్పుడు మనం "ఈ పిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదు" అని తీర్పు చెప్పేస్తాం. శ్రద్ధ లేనిది ఎవరికో ముందుగా విచారించుకోవాలి.

జిల్లా పడమటి కొసన ఒక ప్రయోగం

ఈ చిక్కుకు ఒక జవాబు దొరికిన చోటు మనకు దూరమేమీ కాదు. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు సత్యవేడు, మదనపల్లె రెండూ చిత్తూరు జిల్లాలోనివే. ఒకటి తూర్పు కొసన, మరొకటి పడమటి కొసన. మదనపల్లెలో జన్మించిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి (1895-1986) స్థాపించిన రిషివ్యాలీ పాఠశాల పేరు విద్యావంతులందరూ విన్నదే. అది ఉన్నత కుటుంబాల పిల్లలు చదివే వసతి పాఠశాల. అయితే దాని చుట్టూ ఉన్నవి కరువు పల్లెలు. వేరుశనగ పండితే పండినట్లు, లేకుంటే లేనట్లు. ఆ పల్లెల పిల్లలు గొర్రెలు, మేకల వెంట కొండకు పోయేవారు.

1980ల చివరి భాగంలో ఆ ప్రాంగణానికి వచ్చిన పద్మనాభరావు, రమ దంపతులు ఆ పల్లెల వైపు దృష్టి సారించారు. రిషివ్యాలీ సంస్థ ఆధ్వర్యంలో చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు వెలిశాయి. పెద్ద పాఠశాల చుట్టూ తిరిగే చిన్న పాఠశాలలు గనుక వాటిని ఉపగ్రహ పాఠశాలలు అన్నారు. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, ఐదు తరగతుల పిల్లలు. బడి చుట్టూ చెట్లు. ఉపాధ్యాయులు చాలావరకు ఆ పల్లెల యువతీయువకులే. ఈ పనికోసం ఏర్పడిన విభాగాన్ని ఆంగ్ల అక్షరాల కూర్పుతో 'రివర్' అని పిలుస్తారు. ఆ పదానికి నది అని అర్థం.

వారు ముందుగా చేసిన పని పాఠ్యపుస్తకాన్ని విడదీయడం. పుస్తకం అందరికీ ఒకే పేజీని చూపిస్తుంది. దాన్ని చిన్న చిన్న కార్డులుగా మార్చారు. ఒక్కొక్క కార్డు మీద ఒక చిన్న పని. ఒక అక్షరాన్ని గుర్తించడం, గింజలతో లెక్క వేయడం, ఒక చిన్న కథ చదివి బొమ్మ గీయడం వంటివి. ప్రతి కార్డు మీద ఒక గుర్తు ఉంటుంది, ఒక అంకె ఉంటుంది. ఆ కార్డుల క్రమాన్ని గోడ మీద ఒక నిచ్చెన రూపంలో వేలాడదీశారు. అక్షరాలు రాని పసివాడు సైతం గోడ మీది నిచ్చెనలో తన మెట్టు ఏదో చూసుకుని, ఆ గుర్తు ఉన్న కార్డును అరలోంచి తానే తీసుకుంటాడు. 1990ల ప్రారంభంలో ఈ సామగ్రి అంతా ఒక పెట్టెలో అమరేటట్లు రూపొందింది. అందుకే దానికి 'పెట్టెలో బడి' అనే పేరు వచ్చింది.

నిచ్చెనలో కొన్ని మెట్లు కలిస్తే ఒక మజిలీ. ప్రతి మజిలీలో ముందుగా కొత్త విషయం పరిచయమవుతుంది. తరువాత అభ్యాసం. తరువాత పరీక్ష. పరీక్షలో తడబడినవాడికి మరికొన్ని కార్డులు ఉంటాయి. త్వరగా పూర్తిచేసినవాడికి ఇంకొంచెం లోతైన పని ఉంటుంది. ఎవరూ తప్పలేదు, ఎవరూ ప్రథములు కాలేదు. పిల్లలు తరగతి ప్రకారం కాకుండా, ఆనాడు వారికి కావలసిన సహాయం ప్రకారం కూర్చుంటారు. కొత్త పాఠం మొదలుపెట్టినవారు ఉపాధ్యాయుని దగ్గర, కొంత తెలిసినవారు తోటివారి సహాయంతో, బాగా తెలిసినవారు తమంతట తాముగా పని చేసుకుంటారు.

ఇక గొర్రెల వెంట వెళ్ళి నెల తరువాత వచ్చిన బిడ్డ సంగతి చూడండి. అతని మెట్టు గోడ మీద అలాగే ఉంటుంది. వెళ్ళేనాడు ఏ కార్డు దగ్గర ఆగాడో, వచ్చిననాడు ఆ కార్డు దగ్గరే మొదలుపెడతాడు. బండి పోలేదు. ఇదే ఈ పద్ధతిలోని ప్రాణం. పేదవాని బ్రతుకు తీరు ఎలా ఉందో బడి దానికి తగినట్లు మారింది. బడికి తగినట్లు బ్రతుకును మార్చుకో, లేదా వెళ్ళిపో అని పేదవానికి చెప్పలేదు.

ఈ బడులు తల్లులను కూడా కలుపుకున్నాయి. పల్లె స్త్రీలు తమకు తెలిసిన కథలు పిల్లలకు చెప్పారు. వాటిలో కొన్ని చదువుకునే సామగ్రిగా మారాయి. ఏనాడూ అక్షరం దిద్దని తల్లి చెప్పిన కథను ఆమె బిడ్డ కార్డు మీద చదువుతుంటే, ఆ తల్లికి బడి పరాయిదిగా ఉంటుందా? 'మెట్రిక్ మేళా' పేరిట పిల్లలు త్రాసులు, కొలతలు పెట్టుకుని ఊరివారికి తూకం, ఎత్తు, కొలత చూపించే సంబరాలు జరిపారు. లెక్కలు గది దాటి సంతలోకి వచ్చాయి.

మన మక్తబ్‌లో ఉన్నదేమిటి, లేనిదేమిటి

జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలు వేరు, మన విశ్వాసం వేరు. మతం విషయంలో ఆయన చెప్పినవాటితో మనకు ఏకీభావం లేదు. అయినా ఈ పద్ధతిని మన పాఠకుల ముందు పెట్టడానికి మాకు సంకోచం లేదు. హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్ యుద్ధం తరువాత జరిగింది మనందరికీ తెలుసు. విడుదల సొమ్ము చెల్లించలేని ఖైదీలలో చదవను, రాయను వచ్చినవారు ఒక్కొక్కరు మదీనాకు చెందిన పదిమంది పిల్లలకు రాత నేర్పితే చాలునని దైవప్రవక్త (స) నిర్ణయించారు. ఆ గురువులు విశ్వాసులు కారు. నిన్నటిదాకా కత్తి పట్టి ఎదురు నిలిచినవారు. అక్షరం నేర్చుకునేటప్పుడు గురువు వద్ద అక్షరం ఉందా లేదా అన్నదే మన పెద్దలు చూశారు.

నిజానికి రిషివ్యాలీ పల్లె బడి లక్షణాలు కొన్ని మన మక్తబ్‌కు కొత్తవి కావు. మస్జిద్ వరండాలో ముప్పై మంది పిల్లలు కూర్చుంటే ముప్పై మందీ ఒకే పాఠంలో ఉండరు. ఒకడు ఖాయిదాలో అక్షరాలు కలుపుతూ ఉంటాడు. మరొకడు అమ్మ పారాలో ఉంటాడు. ఇంకొకడు హిఫ్జ్ మొదలుపెట్టి ఉంటాడు. ఉస్తాద్ ఒక్కొక్కరిని దగ్గరకు పిలిచి విడివిడిగా వింటారు. హిఫ్జ్ చేసే విద్యార్థికి ఆనాటి కొత్త పాఠం సబఖ్, ఇటీవలి పాఠాల పునశ్చరణ సబఖీ, పాతవాటి పునశ్చరణ మంజిల్. పరిచయం, అభ్యాసం, పరీక్ష అన్న మెట్లు ఇక్కడా ఉన్నాయి. పెద్ద విద్యార్థి చిన్నవాడికి పాఠం చెప్పించడమూ ఉంది. జ్వరం వచ్చి వారం రోజులు రాని పిల్లవాడు ఆగిన ఆయత్ దగ్గరే మళ్ళీ మొదలుపెడతాడు. అతన్ని ఎవరూ 'తప్పినవాడు' అనరు.

మన దేశపు వీధిబడులూ ఇలాగే నడిచేవి. 1823లో బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడులను లెక్క తీసి ప్రభుత్వానికి నివేదించాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి రాయలసీమ భాగాలు ఎన్నో ఉండేవి. 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వాటిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, పారశీక బడులు 21. ఇసుకలో వేలితో రాయించే పొదుపును, పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పే తీరును ఆయన మెచ్చుకున్నాడు. అయితే అదే నివేదికలో చేదు నిజాలూ ఉన్నాయి. ముస్లిం విద్యార్థులు 243 మందే. మొత్తం ఆడపిల్లలు 60 మందే, వారిలో ముస్లిం బాలిక ఒక్కరూ లేరు. పిల్లలు వల్లెవేయడమే గాని అర్థం తెలుసుకోవడం లేదనీ, జనం పేదరికంలోకి జారిపోవడంతో ఎన్నో బడులు మూతపడ్డాయనీ ఆయన రాశాడు.

కనుక గతాన్ని తలచుకుని మురిసిపోతే సరిపోదు. మన మక్తబ్‌లో ప్రతి బిడ్డకూ తన వేగం ఉంది, కాని అతని చేతిలో పెట్టడానికి ఒక కథ లేదు, ఒక బొమ్మ లేదు, లెక్కపెట్టడానికి నాలుగు గింజలు లేవు. ఖుర్ఆన్ పారాయణం సరళంగా చేసే పదేళ్ళ పిల్లవాడు బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కుని చదువుతున్న ఇళ్ళు మన సమాజంలో లేవా? ఒక చోట చదువరి, మరొక చోట నిరక్షరాస్యుడు. ఇద్దరూ ఒకే బిడ్డ. ఉదయం మస్జిద్‌లో అతని కోసం ఆగే చదువు, పగలు బడిలో అతన్ని వదలి వెళ్ళిపోతోంది. దీనికి మందు మక్తబ్‌ను బడికి, బడిని మక్తబ్‌కు ఎదురు నిలబెట్టడం కాదు. ఒకదానిలోని మంచిని మరొకదానిలోకి తేవడం.

ఇబ్నె ఖల్దూన్ (1332-1406) తన 'ముఖద్దమా'లో పిల్లల విద్య గురించి ప్రత్యేకంగా చర్చించారు. ఆయన కాలానికే ముస్లిం దేశాలలో ఒకే తీరు లేదు. మగ్రిబ్ ప్రాంతంలో పిల్లలకు ఖుర్ఆన్ మాత్రమే నేర్పేవారు. అందలూసియాలో దానితోపాటు భాష, కవిత్వం, చేతిరాత నేర్పేవారు. మొదటివారు భాష మీద పట్టు సంపాదించలేకపోయారని ఆయన గమనించారు. పిల్లలను కఠినంగా దండిస్తే వారిలో ఉత్సాహం చచ్చిపోతుందనీ, అబద్ధమూ కపటమూ అలవడతాయనీ హెచ్చరించారు. ఆరు వందల ఏళ్ళ క్రిందటి ఈ మాటలు ఇంకా బెత్తం పట్టుకునే ఉస్తాదులు, మాస్టర్లు ఇద్దరూ వినదగినవి.

పెట్టె ప్రయాణించింది, ప్రాణం ప్రయాణించిందా?

మదనపల్లె పద్ధతి పల్లెల్లోనే ఆగిపోలేదు. కర్ణాటకకు చెందిన ఉపాధ్యాయులు వచ్చి చూసి వెళ్ళిన తరువాత 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో 'నలి-కలి' మొదలైంది. ఆడుతూ నేర్చుకో అని దాని అర్థం. 2003లో చెన్నై నగరపాలక సంస్థ బడులు ఈ తీరును స్వీకరించాయి. 2007-08 నాటికి తమిళనాడు అంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో నిచ్చెనలు, కార్డులు వచ్చాయి. అంటే మన జిల్లా పడమటి కొసన పుట్టిన పద్ధతి మద్రాసు చుట్టి, సత్యవేడు దాటగానే వచ్చే ఊత్తుకోట వైపు బడులకు తమిళంలో చేరింది.

పది బడులలో నడిచినది వేల బడులలో నడవగలదా? ఈ ప్రశ్న అప్పుడే మొదలైంది. కార్డులు అచ్చువేయడం సులభం. ఒక ఉపాధ్యాయుడు నేలమీద కూర్చుని, ప్రతి బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నాడో మనసులో ఉంచుకుని, తాను మాట్లాడటం తగ్గించి వారిని గమనించడం కష్టం. శిక్షణ నాలుగు రోజుల తంతుగా మారిన చోట, నలిగిపోయిన కార్డుల స్థానంలో కొత్తవి రాని చోట, నిచ్చెన గోడకు అంటించిన మరో కాగితమే అయింది. చరిత్రలో ఇది మొదటిసారి కాదు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి అధికారిగా ఉన్న ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి, పెద్ద పిల్లల చేత చిన్నవారికి చదువు చెప్పించాడు. 1797లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. అది 'మద్రాసు పద్ధతి'గా ఇంగ్లండుకు చేరింది. అక్కడ అది వందలాది పిల్లలను ఒకే హాలులో కూర్చోబెట్టి తక్కువ ఖర్చుతో నడిపే యంత్రంగా మారిపోయింది. పద్ధతి సముద్రం దాటింది. ఉస్తాద్ ఒక్కొక్క బిడ్డను పక్కన కూర్చోబెట్టుకునే ఓర్పు మాత్రం ఓడ ఎక్కలేదు.

అందువల్ల మేము చెప్పదలచినది ఇది. దానం చేసేటప్పుడు పెట్టెకు మాత్రమే డబ్బు ఇస్తే అది పాత అలవాటుకు కొత్త రూపమే అవుతుంది. పెట్టె వెనుక కూర్చునే మనిషికి డబ్బు ఇవ్వాలి. ఆ మనిషి నేర్చుకోవడానికి, నిలబడటానికి, సంవత్సరాల తరబడి ఆ పల్లెలోనే ఉండటానికి సహాయపడాలి.

పునాది మూడేళ్ళకే

మన ఇళ్ళలో చాలామంది ఆరేళ్ళు వచ్చాకే చదువు మొదలవుతుందని భావిస్తారు. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ పథకంలో మూడు నుండి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటలతో కూడిన పూర్వ ప్రాథమిక విద్య కూడా ఒక భాగం. అయినా చాలామంది దృష్టిలో అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు ఇచ్చే చోటు మాత్రమే. 2020 నాటి జాతీయ విద్యా విధానం మూడు నుండి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా లెక్కించింది. ఈ వయసుకు ఇంత ప్రాధాన్యం ఊరక రాలేదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగంలో 123 మంది పేద నల్లజాతి పిల్లలను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మూడు, నాలుగేళ్ళ వయసులో మంచి బాలవిద్య అందించారు. వారిని నడివయసు దాకా గమనించారు. పసితనంలో ఆ అవకాశం పొందినవారు చదువులోనూ సంపాదనలోనూ ముందున్నారు, నేరాల వైపు తక్కువగా వెళ్ళారు.

మరి పునాది లేని చోట ఏమవుతుంది? 'ప్రథమ్' అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుండి పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువును పరీక్షిస్తోంది. మూడవ తరగతి పిల్లల్లో రెండవ తరగతి పాఠం చదవగలిగినవారు దేశం మొత్తం మీద 2018లో నూటికి 27.3 మంది. కరోనా తరువాత 2022లో అది 20.5కు పడిపోయింది. 2024 నాటికి 27.1కి మళ్ళీ చేరింది. పాత స్థాయికి చేరుకున్నామని సంతోషించాలా, ఆ పాత స్థాయిలోనూ నూటికి డెబ్బై మందికి పైగా చదవలేకపోతున్నారని బాధపడాలా? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం, అదే గిరిజనులలో 49 శాతం. మన సమాజం విషయానికి వస్తే, 2001 లెక్కల ఆధారంగా సచార్ కమిటీ ముస్లింల అక్షరాస్యత 59.1 శాతమనీ, దేశ సగటు 65.1 శాతమనీ 2006లో తెలియజేసింది. మదరసాలలో చదివే ముస్లిం పిల్లలు నూటికి ముగ్గురేనని కూడా ఆ కమిటీ తేల్చింది. అంటే మన పిల్లల్లో అత్యధికుల భవిష్యత్తు సాధారణ బడులలోనే తేలుతుంది. ఆ బడులు బాగుపడటం మన ఇంటి వ్యవహారమే.

ఏ ధనం దేనికి?

ఇక మా విద్యార్థుల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న. బడి పనికి జకాత్ సొమ్ము ఇవ్వవచ్చునా? హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ అర్హుడైన పేదవాని చేతికి, అతని సొంతమయ్యేటట్లు చేరాలి. కనుక పేద ముస్లిం బిడ్డకు పుస్తకాలు, దుస్తులు, ఫీజు సొమ్ము జకాత్ నుండి ఇవ్వవచ్చు. భవనానికి, ఉపాధ్యాయుని జీతానికి దాన్ని నేరుగా వెచ్చించకూడదు. వాటికి సదఖా ఉంది, వక్ఫ్ ఉంది. సదఖా ద్వారం విశాలమైనది. పొరుగున ఉన్న యానాది బిడ్డకూ, దళితవాడ బిడ్డకూ అందులో వాటా ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. పొరుగువాని హక్కు గురించి మనకు అందిన బోధ అతని మతాన్ని అడిగి మొదలుకాదు.

వక్ఫ్ అంటే మనకు వెంటనే మస్జిద్, ఖబ్రస్తాన్ గుర్తుకు వస్తాయి. కైరో నగరంలో 1744లో అబ్దుర్రహ్మాన్ కత్‌ఖుదా కట్టించిన ఒక కట్టడం నేటికీ నిలిచి ఉంది. క్రింది అంతస్తులో బాటసారులకు మంచినీళ్ళ చలివేంద్రం, పై అంతస్తులో పిల్లల బడి. ఆ నగరంలో ఇలాంటివి ఎన్నో ఉండేవి. దప్పిక రెండు విధాలని, రెండింటినీ ఒకే దానంతో తీర్చవచ్చునని ఆనాటివారు గ్రహించారు. వేసవి వస్తే మన వీధుల్లో చలివేంద్రాలు వెలుస్తాయి. పై అంతస్తు మాత్రం ఖాళీగా ఉంది.

ఆ పై అంతస్తు కట్టడానికి లక్షలు అవసరం లేదు. సత్యవేడు వంటి ఊరిలో చేయదగిన పనులు కొన్ని సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాము.

మొదటిది, మనిషి. ఇంటర్మీడియట్ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. యానాది కాలనీలలోనూ పదవ తరగతి దాటిన యువతులు ఒకరిద్దరైనా ఉంటారు. అలాంటి ఒక అమ్మాయికి పది కుటుంబాలు కలిసి నెలనెలా గౌరవప్రదమైన వేతనం ఇచ్చి, సాయంత్రం రెండు గంటలు ఇరవై మంది పిల్లలను అప్పగించవచ్చు. ఆమెకు శిక్షణ ఇప్పించాలి. కనీసం మూడేళ్ళపాటు ఆమెను మార్చకూడదు. రిజ్వానా వెళ్ళిపోతే రేపు మరొకరు అనుకునే పని కాదిది. పిల్లవాని మెట్టు గోడ మీద కన్నా ఆమె మనసులోనే ఎక్కువగా ఉంటుంది.

రెండవది, సామగ్రి. పాత అట్టపెట్టెలు కత్తిరించి కార్డులు చేయవచ్చు. చింతగింజలు, కానుగ కాయలు, సీసా మూతలు లెక్కలకు చాలు. కార్డు మీద బొమ్మ పిల్లవాడు ఎరిగినదై ఉండాలి. ఆపిల్ కన్నా ముందు మామిడి, ఓడ కన్నా ముందు ఆరణి ఏటిలో వేసే వల.

మూడవది, భాష. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డ, తమిళం మాట్లాడే బిడ్డ బడిలో తెలుగు రాక మౌనంగా కూర్చుంటే అతన్ని మందబుద్ధి అనుకోవడం ఘోరమైన అన్యాయం. అతనికి మాట ఉంది, మనకు అది వినబడటం లేదు. మొదటి కొన్ని నెలలు అతని ఇంటి మాటతోనే కథ చెప్పించి, ఆ కథలోని వస్తువులకు తెలుగు పేర్లు నేర్పితే రెండు భాషలూ నిలుస్తాయి.

నాలుగవది, తల్లులు. ప్రవక్త (స) సతీమణి హజ్రత్ హఫ్సా (ర) గారికి రాత నేర్పినది షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (ర) అనే మహిళ. మన స్త్రీలకు అక్షరం కొత్తది కాదు. వారానికి ఒక సాయంత్రం మొహల్లా తల్లులు పిల్లల మధ్య కూర్చుని తమ నానీ, దాదీలు చెప్పిన కథలు చెప్పాలి. ఉపాధ్యాయురాలు వాటిని రాసి కార్డులు చేయాలి. బిడ్డ చదువుతుంటే పక్కన కూర్చున్న తల్లి కూడా తన పేరు రాయడం నేర్చుకోవచ్చు.

ఐదవది, వలస వెళ్ళే కుటుంబాలు. బట్టీకి బయలుదేరే ముందు బిడ్డ చేతిలో అతని మెట్టు రాసిన ఒక చిన్న చీటీ, పది కార్డుల కట్ట పెట్టి పంపాలి. అక్కడ తీరిక దొరికితే చదువుతాడు. దొరకకపోయినా, తిరిగి వచ్చిననాడు ఆ చీటీ తీసుకుని వస్తాడు. తన చోటు పోలేదనే నమ్మకంతో వస్తాడు.

దివ్య సందేశ అవతరణ చదవమనే ఆజ్ఞతో మొదలైందని మనం ప్రతి సభలోనూ గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఆజ్ఞ తెలివైన బిడ్డకనో, క్రమం తప్పక హాజరయ్యే బిడ్డకనో, సంచి కొనుక్కోగల బిడ్డకనో పరిమితమై రాలేదు. ఇటుక బట్టీ నుండి బడి వాకిలి దాకా నడిచి వచ్చి, లోపలికి వెళ్ళాలా వద్దా అని తటపటాయించే బిడ్డకూ అది వర్తిస్తుంది. ఈ ఏడాది సంచి ఇవ్వండి, పలక ఇవ్వండి. వాటితోపాటు, "నువ్వు ఆగింది ఇక్కడే, రా, కూర్చో" అని చెప్పగలిగే ఒక మనిషిని కూడా ఆ వాకిట్లో నిలబెట్టండి. అల్లాహ్ మన దానాన్ని స్వీకరించి, దాన్ని నడిచే పుణ్యంగా మార్చుగాక! ఆమీన్.